డిలీట్ కాని ఫైల్‌కి ఏది మేలు: రీస్టార్టా, అన్‌లాకరా, పట్టుకున్నోణ్ణి వెతకడమా?

ఒంగోలు, చీమకుర్తి, కావలి వైపు నుంచి నాకొచ్చే కంప్యూటర్ ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చేది ఇదే. "అన్నా, ఈ ఫైల్ డిలీట్ కొడితే పోవట్లా, ఏదన్నా సాఫ్ట్‌వేర్ ఉంటే లింక్ పంపించన్నా" అని. ఫొటో స్టూడియోలోళ్ళు, డీటీపీ సెంటరోళ్ళు, గ్రానైట్ ఆఫీసుల్లో లెక్కలు చూసే పిల్లోళ్ళు, అందరూ అడగతానే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు మేలో, నేనైతే ఏది చేస్తానో ఇక్కడే రాస్తున్నా. అంతా విండోస్ 10, 11 గురించే. డిలీట్, షిఫ్ట్ డిలీట్ లాంటివి మీకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి పోదాం.

ముందు ఆ వచ్చిన మెసేజ్ పూర్తిగా చదవండి, చాలామంది చదవకుండానే క్యాన్సిల్ కొట్టేసి ఫోన్ చేస్తారు. "ఫైల్ ఇంకో ప్రోగ్రామ్‌లో ఓపెన్ అయి ఉంది" అంటే ఒక రకం జబ్బు, "పర్మిషన్ కావాలి" అంటే ఇంకో రకం, "ఈ ఐటెమ్ కనపడలేదు" అంటే మూడో రకం. నాకొచ్చే స్క్రీన్‌షాట్లలో ఎక్కువ మొదటి రకమే కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్తా.

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైల్‌ని ఓపెన్ చేసేటప్పుడు, నేను వాడుకుంటున్నంతసేపు దీన్ని ఇంకెవరూ డిలీట్ చెయ్యకూడదు అని చెప్పుకోవచ్చు. నెల్లూరు బస్టాండులో కిటికీలోంచి సీటు మీద టవలు ఏసినట్టు, మనిషి కనపడకపోయినా సీటు మాత్రం ఆయనదే. ఆ పట్టుని హ్యాండిల్ అంటారు. ఆ హ్యాండిల్ వదిలితే ఫైల్ మామూలుగానే డిలీట్ అయిపోద్ది. అంటే ఇక్కడ అసలు ప్రశ్న దాన్ని పట్టుకున్నది ఎవరు అనేదే.

ఇక రీస్టార్ట్. దీన్ని తక్కువగా చూడబాకండి, పెద్దగా పని పెట్టుకోకుండా చాలా కేసులు దీంతోనే తెగిపోతాయి, ఎందుకంటే ప్రోగ్రాములన్నీ మూతపడితే వాటి హ్యాండిల్స్ కూడా పోతాయి. కాకపోతే రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, షట్‌డౌన్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యడం, రీస్టార్ట్ చెయ్యడం ఒకటి కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని, డ్రైవర్లతో సహా, డిస్క్ మీద దాచిపెట్టి తెల్లారి అదే మళ్ళీ ఎక్కిస్తది, అందుకని నిన్న రాత్రి ఆపేసి పొద్దున ఆన్ చేసినా అదే ఎర్రర్ అని వచ్చేవాళ్ళు ఉంటారు. రీస్టార్ట్ ఆప్షనే నొక్కాలి. రెండోది, కంప్యూటర్ ఆన్ అవ్వగానే మొదలయ్యే సర్వీసో (వెనకాల కనపడకుండా నడిచే ప్రోగ్రామ్), ఫైళ్ళని ఇంటర్నెట్‌లో కాపీ పెట్టే సింక్ ప్రోగ్రామో ఆ ఫైల్‌ని పట్టుకుంటా ఉంటే మీరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా అది మీకంటే ముందే పట్టుకుంటది. అప్పుడు షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, వచ్చే మెనూలోంచి సేఫ్ మోడ్‌లోకి (విండోస్ తనకు తప్పనిసరైన వాటితోనే లేచే పద్ధతి) పోతే ఆ ప్రోగ్రాములు చాలావరకు లేవవు, డిలీట్ అయిపోద్ది. పని అవుతది గానీ ఎవరు పట్టుకున్నారో తెలీదు, వారం తర్వాత అదే ఫోల్డర్‌లో ఇంకో ఫైల్‌తో అదే గోల.

అన్‌లాకర్ సాఫ్ట్‌వేర్లు, అంటే ఇరుక్కున్న ఫైల్‌ని బలవంతంగా విడిపించేవి, మీరడిగే లింకులే. లాక్‌హంటర్ లాంటివి కొంచెం నయం, అది ఎవరు పట్టుకున్నారో చూపిస్తది, డిలీట్ చేసినా రీసైకిల్ బిన్‌లోకే పంపిస్తది. మిగతా వాటిల్లో గూగుల్‌లో పైన ఏది కనపడితే అది దించి ఇన్‌స్టాల్ చేస్తే బ్రౌజర్‌లో టూల్‌బార్లు, చెత్త యాడ్లు కూడా వెంటబెట్టుకుని రావచ్చు. నేను సిఫార్సు చెయ్యను.

ఇప్పుడు నా లెక్కలో అన్నిటికంటే మేలైన దారి, పట్టుకున్నోణ్ణి వెతకడం. దీనికి డబ్బులు అక్కర్లా, ఒక్కోసారి ఇన్‌స్టాల్ చెయ్యడం కూడా అక్కర్లా. స్టార్ట్ నొక్కి రిసోర్స్ మానిటర్ అని వెతికి ఓపెన్ చెయ్యండి, సీపీయూ ట్యాబ్‌లోకి పోండి, కింద అసోసియేటెడ్ హ్యాండిల్స్ అని ఒక గడి ఉంటది, దాని పక్కన సెర్చ్ బాక్సులో ఫైల్ పేరులో ఒక ముక్క కొట్టండి. ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో పేరుతో సహా వచ్చేస్తది. ఇది విండోస్‌లోనే ఉంది కాబట్టి బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వని ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి దీనికి మించింది లేదు.

సొంత కంప్యూటర్ అయితే మాత్రం మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పవర్‌టాయ్స్ అనే టూల్స్ కట్ట వేసుకోండి, ఫ్రీనే. అందులో 2022 చివర్లో ఫైల్ లాక్‌స్మిత్ అని ఒకటి చేర్చారు. ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి అన్‌లాక్ విత్ ఫైల్ లాక్‌స్మిత్ అంటే చాలు, ఎవరు పట్టుకున్నారో లిస్ట్ చూపిస్తది. ఫోల్డర్ మీద కూడా పనిచేస్తది, లోపలున్న ఫైళ్ళన్నీ చూసి చెప్తది, పెళ్ళి ఆల్బమ్ ఫోల్డర్‌లో వేల ఫొటోలుండి ఏది ఇరుక్కుందో తెలీని స్టూడియోలోళ్ళకి ఇది బాగా కలిసొస్తది. లిస్ట్ ఖాళీగా వస్తే దాంట్లోనే అడ్మినిస్ట్రేటర్‌గా మళ్ళీ ఓపెన్ చేసే బటన్ ఉంటది, అది నొక్కి మళ్ళీ చూడండి, వేరే యూజర్ ప్రోగ్రాములు, సర్వీసులు అప్పుడే కనపడతాయి. ఇంకా లోతుగా కావాలంటే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ అని ఇంకో టూల్ ఉంది, అందులో కంట్రోల్ ఎఫ్ కొడితే హ్యాండిల్స్‌తో పాటు డీఎల్ఎల్‌లు (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైళ్ళు) కూడా వెతుకుతది. కానీ అందులో హ్యాండిల్ ఒక్కటే మూసేసే ఆప్షన్ ఉంది చూడండి, దాని జోలికి పోబాకండి, ప్రోగ్రామ్‌కి తెలీకుండా కింద నుంచి హ్యాండిల్ లాగేస్తే అది క్రాష్ అవ్వచ్చు, డేటా కూడా పాడవ్వచ్చు.

ఎందుకింత పట్టుబట్టి ఇదే మేలంటున్నానంటే, పట్టుకున్నది ఎవరో తెలిస్తేనే ఆ ఫైల్ డిలీట్ చెయ్యొచ్చో లేదో తెలుస్తది. పేరు చూడగానే సగం పని అయిపోద్ది. ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు చూపించే విండోస్ ప్రోగ్రామ్) అని వచ్చిందా, ఆ పక్కన ప్రివ్యూ పేన్ ఆన్‌లో ఉండి పెద్ద వీడియోనో పీడీఎఫ్‌నో చూపిస్తా ఉండుంటది, ఆల్ట్ పీ కొట్టి అది ఆపండి, లేదంటే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చెయ్యండి. వన్‌డ్రైవ్ అని వచ్చిందా, సింక్ కాసేపు పాజ్ చెయ్యండి. యాంటీవైరస్ అయితే స్కాన్ అయ్యేదాకా ఆగండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేరొస్తే, అది వెనకాల ఇంకా రెండర్ చేస్తా ఉందేమో చూసుకోవాలి, అప్పుడు అన్‌లాకర్‌తో ప్రాసెస్‌ని (నడుస్తున్న ఆ ప్రోగ్రామ్‌ని) చంపేస్తే సేవ్ చెయ్యని పనంతా దాంతోపాటే పోద్ది. పెళ్ళి మళ్ళీ చేయించలేం కదా.

అన్నిటికంటే తికమక పెట్టేది సిస్టమ్ అని, పీఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి విండోస్ ఇచ్చే నంబర్) 4 అని వచ్చినప్పుడు. దాన్ని చూడగానే వైరస్ అనుకుని భయపడతారు. వైరస్ ఏమీ కాదు, చాలాసార్లు ఆ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో షేర్ అయి ఉండి, పక్క గదిలో కంప్యూటర్ నుంచి ఎవరో ఆ ఫైల్ ఓపెన్ చేసి పెట్టుకుంటే ఇట్టనే కనపడతది. చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసుల్లో ఎక్స్‌పోర్ట్ ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు ఒకే కంప్యూటర్‌లో పెట్టి అందరూ దాంట్లోంచే వాడుకుంటారు కాబట్టి ఇది మామూలే. ఫైల్ ఉన్న కంప్యూటర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ ఓపెన్ చేసి షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే ఏ యూజర్ తెరిచాడో పేరు వస్తది. ఆడ నుంచే క్లోజ్ కూడా చెయ్యొచ్చు గానీ, ముందు లేచి పక్క గదిలోకి పోయి "సార్, ఆ షీట్ మూస్తారా" అని అడగండి, ఆయన పొద్దున్నుంచి కొట్టిన ఎంట్రీలు అందులో ఉండొచ్చు. ఎక్సెల్, వర్డ్ ఫైళ్ళ పక్కన టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే దాచిన చిన్న ఫైల్ కనపడుతుంటే అది కూడా ఎవరో తెరిచి ఉన్నారనే గుర్తు. ప్రోగ్రామ్ క్రాష్ అయి అది మిగిలిపోతే, ఎవరూ వాడట్లేదని తేలాక డిలీట్ చెయ్యొచ్చు.

మిగతా రకాలు చకచకా చెప్పేస్తా. ఐటెమ్ కనపడలేదు అని వచ్చే ఫైల్ పేరు చివర చాలాసార్లు స్పేసో చుక్కో ఉంటది, ఆడ హ్యాండిల్స్ వెతికి లాభం లేదు, కమాండ్ ప్రాంప్ట్‌లో పూర్తి పాత్ (ఫైల్ ఉన్న చోటు చిరునామా) ముందు రెండు బ్యాక్‌స్లాష్‌లు, ప్రశ్నార్థకం, ఇంకో బ్యాక్‌స్లాష్ పెట్టి డెల్ కమాండ్ ఇస్తే పోద్ది. 260 అక్షరాలు దాటిన పాత్ అయితే పై ఫోల్డర్ల పేర్లు కురచ చేస్తే సరి. ఫైల్ కరప్ట్ అయింది, చదవలేకపోతున్నా అంటే చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు చూసి సరిచేసే విండోస్ టూల్) నడపాలి, దానికి ముందు బ్యాకప్. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిలీట్ చెయ్యడం కూడా ఉంది, బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ లేకుండా కుదరదు, ఇంట్లో వాడేవాళ్ళకి అంత దూరం అవసరం రాదు.

పర్మిషన్ కావాలి అని వస్తే ఎవరి పర్మిషనో చూడండి. పాత హార్డ్ డిస్క్ నుంచి తెచ్చిన మీ సొంత ఫైళ్ళే అయితే ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి ఓనర్ మార్చుకోండి. ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అని వస్తే అది విండోస్ సొంత ఫైల్, ఓనర్ మార్చి లేపెయ్యబాకండి. సీ డ్రైవ్ నిండిందని అప్‌డేట్‌కి ముందున్న పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌తో కుస్తీ పట్టేవాళ్ళు సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లోకి పోయి ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్ టిక్ పెట్టి తీసెయ్యండి. తీసేశాక పాత విండోస్‌కి తిరిగి పోలేరు కాబట్టి, కొత్తది సరిగ్గా నడుస్తుందో లేదో చూసుకున్నాకే ఆ టిక్ పెట్టండి.