1860ల నాటి కాలేజీ బేస్‌బాల్ బంతి: కొనొచ్చా?

పాతకాలపు నిబంధనలతో బేస్‌బాల్ ఆడే అమెరికా క్లబ్బుల కోసం చేత్తో కుట్టి అమ్ముతున్న ‘నిమ్మతొక్క’ బంతి ఇది. 1860ల్లో కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో ఉన్న రకం. ఇప్పటి బంతికి రెండు తోలు ముక్కలు, 108 జంట కుట్లు. దీనికి మాత్రం నాలుగు రెక్కల తోలు ముక్క ఒక్కటే. లోపల రబ్బరు గుండు, దానిమీద ఊలు దారం చుట్ట.

కొలతల దగ్గర వంక పెట్టేదేం లేదు. 1860 నిబంధనలు చెప్పిన చుట్టుకొలత 9¾ నుంచి 10 అంగుళాలు, బరువు 5¾ నుంచి 6 ఔన్సులు, అంటే 163–170 గ్రాములు. క్రికెట్ బంతి గరిష్ఠ బరువు 163 గ్రాములే కాబట్టి మనవాళ్లకు బరువు కొత్తనిపించదు. సైజే ఓ అంగుళం దాకా ఎక్కువ. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగుతుంది. గ్లవ్స్ లేకుండా పట్టాలంటే ఆ మాత్రం మెత్తదనం ఉండాల్సిందే.

తేడా వస్తే రెక్కల కొసలు నాలుగూ కలిసే చోటే వస్తుంది. తోలు తడిపి కుడితే ఆరాక బిగుసుకుంటుంది. పొడిగా కుడితే కొన్ని దెబ్బలకే అక్కడ నోరు తెరుస్తుంది. బంతి చేతికి రాగానే ఆ కూడలిలో గోరు దూరుతుందేమో చూడండి. దూరితే వెనక్కి పంపేయండి. చుట్టుకొలత రెండు దిక్కుల్లో టేపుతో కొలవండి. కోడిగుడ్డులా ఉంటే లోపలి చుట్ట సమంగా లేనట్టే. తడి గడ్డి మీద ఆడొద్దు. ఊలు నీళ్లు తాగితే బరువు పెరిగి, ఆకారం చెడుతుంది. తడిసిందా, నీడలోనే ఆరబెట్టండి. ఎండలో పెడితే తోలు పెళుసెక్కి కుట్ల దగ్గర చిరుగుతుంది.

1859 జులై 1న పిట్స్‌ఫీల్డ్‌లో ఆమ్‌హెర్‌స్ట్, విలియమ్స్ కాలేజీలు ఆడిన తొలి అంతర్ కళాశాల మ్యాచ్‌ను మళ్లీ ఆడించాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని కొనొద్దు. జట్టుకు 13 మందితో మసాచుసెట్స్ పద్ధతిలో ఆడి ఆమ్‌హెర్‌స్ట్ 73–32తో గెలిచిన ఆటది. ఆ పద్ధతిలో పరిగెత్తేవాణ్ణి బంతితో కొట్టి ఔట్ చేస్తారు. అందుకే ఆమ్‌హెర్‌స్ట్ బంతి రెండున్నర ఔన్సులే. ఈ ఆరు ఔన్సులది వీపుకు తగిలితే ఆట అక్కడితో సరి.

పెట్టెలో వచ్చే కరపత్రమే చిరాకు. గెలిచిన కుర్రాళ్లు బంతిని ‘కొట్టేసేవాళ్లు’ అని సరదాగా రాశారు. దొంగతనమేం కాదు. గెలిచిన జట్టుకే బంతి చెందుతుందని నిబంధనల్లోనే ఉండేది. బంగారు రంగు పూసి, తేదీ, స్కోరు రాసి అద్దాల బీరువాలో పెట్టుకునేవారు. కుర్రాళ్ల చేతివాటం సంగతులే రాయాలనుకుంటే ప్రిన్స్‌టన్ కాలేజీలో నాసౌ హాల్ అనే పాత భవనం గంట నాలుక ఉండనే ఉంది. గంట మోగకపోతే క్లాసులుండవన్న ఆశతో దాన్ని ఎత్తుకెళ్లేవారు. హార్వర్డ్ కుర్రాళ్లయితే దుకాణాల బోర్డులు పీక్కొచ్చి గదుల్లో తగిలించుకునేవారు. అవి వదిలేసి నిజాయితీగా గెలిచిన బంతికి దొంగ ముద్ర వేయడమేంటి?

బంగారు పూత వేసిన రకం కూడా అమ్ముతున్నారు. షోకేసుకు తప్ప పనికిరాదు. ఒక్క దెబ్బకే పూత రాలుతుంది. ఆడటానికి మామూలు గోధుమ రంగుదే తీసుకోండి, అదీ రెండు. ఒకటి పొదల్లో పోతే ఆట ఆగకుండా ఉంటుంది.