ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5: ప్రత్యేక చిహ్నాల దగ్గర ఎంతవరకు నమ్మొచ్చు?

ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో పాఠం లోపలి మాటలను వెతికిపెట్టే భాగం ఎఫ్‌టీఎస్5. 2015లో 3.9.0 వెర్షన్‌తో వచ్చిన దీని వేగానికి వంక పెట్టేదేమీ లేదు. పేచీ అంతా ప్రత్యేక చిహ్నాలతోనే. అవి క్వెరీ వ్యాకరణంలో ఒకసారి, పాఠాన్ని టోకెన్లుగా, అంటే మాట ముక్కలుగా విడగొట్టే టోకెనైజర్‌లో ఇంకోసారి అడ్డుపడతాయి. చాలామంది మొదటిది సరిచేసి అక్కడితో వదిలేస్తారు.

ఎఫ్‌టీఎస్5లో వెతకడానికి రాసే మ్యాచ్ క్వెరీలో ప్లస్, హైఫన్, కోలన్, నక్షత్రం అన్నీ ఆపరేటర్లే. 'సీ++' (C++) అని వెతికితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. 'ఈ-మెయిల్' అంటే 'మెయిల్' అనే కాలమ్ లేదంటుంది! ఆ ఎర్రర్ చూసి టేబుల్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాం. యూజర్ పాఠాన్ని ఎస్‌క్యూఎల్ నుంచి విడిగా పంపే బైండ్ పారామీటర్ దీన్ని ఆపదు, దాని పని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ను ఆపడం వరకే. యూజర్ ఇచ్చిన పాఠాన్ని ఖాళీల దగ్గర విడగొట్టి, ప్రతి మాటనూ డబుల్ కోట్స్‌లో పెట్టాలి. మాట లోపల డబుల్ కోట్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ప్రిఫిక్స్ (మాట మొదటి భాగంతో) వెతుకులాటకు నక్షత్రం కోట్స్ బయట ఉండాలి.

ఎర్రర్లు పోతాయి, ఫలితాలు మాత్రం బాగుపడవు. డిఫాల్ట్ టోకెనైజర్ యూనికోడ్61 అక్షరాలను, అంకెలను ఉంచుకుని మిగతావాటిని విభాజకాలుగా చూస్తుంది. కాబట్టి సీ++, సీ# (C#) రెండూ 'సీ' (C) దగ్గరే కలుస్తాయి. టోకెన్‌లో భాగంగా ఉంచాల్సిన చిహ్నాలను చెప్పే టోకెన్‌ఛార్స్ ఆప్షన్‌లో + # చేరిస్తే ఇవి విడిపోతాయి, కానీ హ్యాష్‌ట్యాగ్‌లు # లేకుండా వెతికితే ఇక దొరకవు.

తెలుగు పాఠానికైతే డిఫాల్ట్ సెట్టింగ్ పనికిరాదు. కొమ్ము, గుడి, పొల్లు, సున్నా యూనికోడ్‌లో అక్షరాల కేటగిరీలో లేవు, అక్షరానికి తోడయ్యే గుర్తుల కేటగిరీలైన ఎంఎన్, ఎంసీల్లో (Mn, Mc) ఉన్నాయి. దాంతో 'కాలు' కాస్తా క, ల అని రెండు ముక్కలవుతుంది. 'కీలు' కూడా అంతే. ఒకటి వెతికితే రెండూ వస్తాయి. టేబుల్ సృష్టించేటప్పుడే కేటగిరీస్ ఆప్షన్‌లో డిఫాల్ట్‌గా ఉండే 'ఎల్* ఎన్* సీఓ' (L* N* Co)కి 'ఎంఎన్ ఎంసీ' చేర్చాలి. తర్వాత మార్చే దారి లేదు, ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీబిల్డ్ కమాండ్ కూడా పాత టోకెనైజర్‌తోనే నడుస్తుంది. కొత్త టేబుల్ కట్టుకోవాల్సిందే.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కనిపించకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఇంకో తలనొప్పి. అది ఉన్న మాట రెండు టోకెన్లు, లేనిది ఒకటే టోకెన్. ఇండెక్స్ చేసేటప్పుడు, వెతికేటప్పుడు రెండుచోట్లా దాన్ని తీసేయడమే మేలు. ఐత్వం గుర్తును ఒక కోడ్‌గానూ, రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. ఎఫ్‌టీఎస్5 వాటిని ఒకటిగా చూడదు. రెండు రూపాలనూ ఒకటిగా మార్చే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ యాప్‌లోనే చేయాలి.

చిహ్నాలతో సహా ఉన్నదున్నట్టు వెతకాలంటే పాఠాన్ని మూడేసి అక్షరాల ముక్కలుగా ఇండెక్స్ చేసే, 3.34.0 నుంచి ఉన్న ట్రైగ్రామ్ టోకెనైజర్ మంచిది. పార్ట్ నంబర్లు, ఫైల్ పాత్‌లకు ఇదే వాడాలి. మూడు యూనికోడ్ అక్షరాలకన్నా చిన్న మాటకు మ్యాచ్ ఏమీ తేదు, రెండే అక్షరాలున్న 'C#'ని దీనికి అప్పగించకండి. ఎస్‌క్యూఎల్‌లోని లైక్ ఆపరేటర్ అయితే తెస్తుంది కానీ టేబుల్ మొత్తం చదువుతుంది. పైగా అందులో ఏ అక్షరాలకైనా సరిపోయే %, _ గుర్తులకు డిఫాల్ట్ ఎస్కేప్ అక్షరం లేదు, వాటినే వెతకాలంటే ఎస్కేప్ క్లాజ్ రాసి తీరాలి.

ఏ సెట్టింగ్ పెట్టినా ఇండెక్స్‌లోని టోకెన్లను చూపే ఎఫ్‌టీఎస్5వొకాబ్ టేబుల్ ఒకటి సృష్టించి, మీ మాటలు ఏ ముక్కలుగా ఇండెక్స్‌లోకి వెళ్లాయో చూడండి. డాక్యుమెంటేషన్ చదవడం కన్నా త్వరగా తేలుతుంది.