బీచ్ టైమ్‌షేర్: రీసేల్‌లో కొనాలా, అదే వారం అద్దెకి తీసుకోవాలా? ఏది మేలు?

సమ్మర్ దగ్గరపడుతోందంటే చాలు, మా షార్లెట్ (నార్త్ కరొలైనా) తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఇది అడుగుతారు. "అన్నా, సౌత్ కరొలైనా మర్టిల్ బీచ్‌లో టూ బెడ్‌రూమ్ టైమ్‌షేర్ ఈబేలో ఒక్క డాలర్‌కి పెట్టారు, నిజమేనా, తీసేసుకోమంటావా?" నిజమే, అందులో మోసం ఏమీ లేకపోవచ్చు కూడా. కాకపోతే ఆ డాలర్ని చూసి నిర్ణయం తీసుకోకూడదు అని ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసి పెడుతున్నా. టైమ్‌షేర్ అంటే రిసార్ట్‌లో ఒక యూనిట్‌ని ఏటా ఒక వారం వాడుకునే హక్కు కొనుక్కోవడం, రీసేల్ అంటే దాన్ని పాత ఓనర్ దగ్గర కొనడం. దీన్ని అమ్మడానికి ఫ్రీ గిఫ్ట్ కార్డు చూపించి 90 నిమిషాలని కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా వదలని ప్రెజెంటేషన్ ఏంటో ఇక్కడ రెండేళ్ళున్న వాళ్ళందరికీ తెలుసు కాబట్టి ఆ కథ వదిలేస్తున్నా.

డెవలపర్ (రిసార్ట్ కట్టి అమ్మే కంపెనీ) దగ్గర కొత్తది కొనడం గురించి పెద్దగా చర్చ అక్కర్లేదు. సగటున 23, 24 వేల డాలర్లు అంటారు, చేతిలో లేకపోతే అక్కడికక్కడే లోన్ ఇస్తారు, 15 శాతం వడ్డీతో పదేళ్ళు కడితే ఆ 24 వేలు కాస్తా 46 వేలు దాటుతుంది, రిసార్ట్ నిర్వహణకి ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు మళ్ళీ వేరే. అదే యూనిట్ మర్నాడు అమ్మకానికి పెడితే అందులో పదో వంతు వచ్చినా గొప్పే. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దవాళ్ళు దీన్ని చూసే అన్నారేమో అనిపిస్తుంది. ఆల్రెడీ సంతకం పెట్టేసి వచ్చిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ముందు తేదీ చూసుకోండి, సౌత్ కరొలైనా, నార్త్ కరొలైనాల్లో 5 రోజులు, ఫ్లోరిడాలో 10 రోజుల లోపు రాతపూర్వకంగా కాన్సిల్ చేసుకునే హక్కు ఉంది. పేపర్లలో ఏ అడ్రస్‌కి పంపమన్నారో అక్కడికే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపండి. సేల్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే మాత్రం మళ్ళీ మాటల్లో పెట్టేస్తారు.

సరే, అసలు పోటీ రీసేల్‌కీ అద్దెకీ మధ్యే.

రీసేల్ మీద నా లెక్క ఒక్కటే, కొన్న ధర ధర కాదు, ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజే దాని ధర. మీరు వెళ్ళినా కట్టాలి, వెళ్ళకపోయినా కట్టాలి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఇంకోటి ఉంది. వారాల లెక్కన అమ్మే చాలా రిసార్టుల్లో ఫీజు యూనిట్ సైజుని బట్టి ఉంటుంది తప్ప సీజన్‌ని బట్టి ఉండదు. అంటే జనవరి మూడో వారం ఓనరూ, జూలై మొదటి వారం ఓనరూ అదే టూ బెడ్‌రూమ్‌కి అదే ఫీజు కడతారు. జనవరిలో మర్టిల్ బీచ్‌కి వెళ్ళి ఏం చేస్తాం చెప్పండి, నీళ్ళలో కాలు పెట్టలేం, సగం షాపులు మూసి ఉంటాయి, ఆ వారంలో ఓషన్‌ఫ్రంట్ రూమ్ ఎవరైనా చవగ్గా ఇచ్చేస్తారు. డాలర్‌కి పెట్టేవన్నీ దాదాపు ఇలాంటి వారాలే. జూలై వారాలు డాలర్‌కి రావు, వాటికి కొన్ని వేలు అడుగుతారు, అడగడం న్యాయమే. ఫ్లోరిడా దక్షిణం వైపు వెళ్తే ఇది తిరగబడుతుంది, అక్కడ ఫిబ్రవరి, మార్చి వారాలకే గిరాకీ, ఎందుకంటే చలి తప్పించుకోడానికి వచ్చే వాళ్ళే ఎక్కువ.

అందుకే యాడ్ చూడగానే ధర దగ్గర ఆగకుండా మూడు చూడండి: వీక్ నంబర్ ఎంత, ఫిక్స్‌డా (ఏటా అదే వారం) ఫ్లోటింగా (సీజన్‌లో ఖాళీ ఉన్న వారం బుక్ చేసుకోవడం), ఫీజు ఎంత. "వీక్ 4" అని ఉంటే అది జనవరి నెలాఖరు. "వీక్ 26" అంటే జూన్ చివర, జూలై మొదట్లో పడుతుంది, జూలై 4 ఒక ఏడాది 26లో వస్తే ఇంకో ఏడాది 27లోకి జరుగుతుంది, కాబట్టి పండక్కే కావాలనుకునే వాళ్ళు రిసార్ట్ క్యాలెండర్ తెప్పించుకుని చూసుకోవాలి. ఫ్లోటింగ్ అని ఉంటే ఏ సీజన్‌లో ఫ్లోట్ అవుతుందో అడగండి, సమ్మర్ కూడా అందులో ఉన్నా బుకింగ్ తెరిచిన రోజు పొద్దున్నే కూర్చోకపోతే మంచి వారాలు మిగలవు.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఫీజు 1,300 డాలర్లు అనుకుందాం, ఏటా 5 శాతం పెరుగుతుందనుకుందాం (పెరుగుతుంది, తగ్గిన రిసార్ట్‌ని నేనైతే చూళ్ళేదు). పదో ఏడాదికి ఫీజు 2,000 దాటుతుంది, పదేళ్ళకి కలిపి 16 వేల పైచిలుకు. కొన్న ధర వెయ్యి, క్లోజింగ్ (కొనుగోలు కాగితాల ఖర్చు), ట్రాన్స్‌ఫర్ ఫీజులు ఓ ఆరేడు వందలు కలిపితే మొత్తం 18 వేలు, వారానికి 1,800 పడినట్టు. కొన్న ధర సున్నా అయితే ఎంత తగ్గింది? వారానికి వంద డాలర్లు. అంతే. డాలర్‌కి వచ్చిందా వెయ్యికి వచ్చిందా అని బేరమాడే టైమ్‌లో ఫీజు రెండు వందలు తక్కువున్న రిసార్ట్ వెతుక్కుంటే దానికి రెట్టింపు మిగులుతుంది.

ఈ 1,800ని దేంతో పోల్చాలంటే హోటల్ రేటుతో కాదు, సేల్స్ వాళ్ళు చూపించే రేటుతో అసలే కాదు, అదే రిసార్ట్‌లో అదే వారాన్ని ఇంకో ఓనర్ ఎంతకి అద్దెకిస్తున్నాడో దాంతో. రెడ్‌వీక్ లాంటి సైట్లో చూస్తే తెలిసిపోతుంది. పిల్లల పరీక్షలో, ఉద్యోగమో, ఆరోగ్యమో, ఏదో ఒక కారణంతో ఈ ఏడాది వెళ్ళలేని ఓనర్లు కట్టిన ఫీజు వెనక్కి వస్తే చాలనుకుని పెడతారు. ఆఫ్ సీజన్లో అయితే ఫీజులో సగం వచ్చినా సంతోషమే. మరి ఆయన ఫీజు కట్టి, రిస్క్ మోసి, అంతకన్నా తక్కువకి మీకిస్తుంటే మీరెందుకు ఓనర్ అవ్వాలి? జూలై వారం మాత్రం వేరే, అద్దె అనేది మెయింటెనెన్స్ ఫీజు కన్నా బాగా పైన ఉంటుంది, అక్కడే రీసేల్‌కి అర్థముంది. కాబట్టి నా సూత్రం ఇది: మీకు కావాల్సిన వారం అద్దె దాని మెయింటెనెన్స్ ఫీజు కన్నా కచ్చితంగా ఎక్కువుంటేనే కొనడం గురించి ఆలోచించండి, దగ్గర దగ్గరగా ఉన్నా అద్దెకే వెళ్ళండి.

మనవాళ్ళకి ఇంకో చిక్కు, మన సమ్మర్ మనది కాదు. ఒక ఏడాది ఇండియా ప్రయాణం, నలుగురికి హైదరాబాద్ టికెట్లు కొన్నాక బీచ్ మాట ఎవరెత్తుతారు? ఆ ఏడాది కూడా ఫీజు బిల్లు ఠంచన్‌గా వస్తుంది. ఇంకో ఏడాది అమ్మానాన్నలు వస్తారు, అప్పుడు టూ బెడ్‌రూమ్, కిచెన్ ఉన్న యూనిట్ నిజంగా బంగారం, అత్తయ్యగారు రైస్ కుక్కర్, పోపులపెట్టె కారులో పెట్టుకుని వస్తారు, హోటల్ రూమ్‌లో ఆ పప్పన్నం ఎలా కుదురుతుంది. ఇలా ఏడాది విడిచి ఏడాది వెళ్ళే వాళ్ళ కోసమే రీసేల్‌లో ఈవెన్ ఇయర్, ఆడ్ ఇయర్ అని దొరుకుతాయి, రెండేళ్ళకొకసారి వారం, ఫీజు కూడా సుమారుగా సగం. కొంటే ఇలాంటి ఫిక్స్‌డ్ సమ్మర్ వారమే కొనాలని నా అభిప్రాయం, మా ఇండియా ట్రిప్ ఆడ్ ఇయర్‌లో పడుతుంది కాబట్టి మా ఇంట్లో చూసేది ఈవెన్ ఇయర్వే, ఇప్పటికైతే అద్దెకే వెళ్తున్నాం.

ఫీజు ఊరికే 5 శాతంతో ఆగుతుందని గ్యారంటీ లేదు. బీచ్ మీద బిల్డింగ్ అంటే ఉప్పు గాలికి రెయిలింగులు తుప్పు పడతాయి, బాల్కనీలు దెబ్బతింటాయి, పైనుంచి తుఫాన్లు. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ హరికేన్ వచ్చి ఫ్లోరిడాలో ఫోర్ట్ మయర్స్ బీచ్, శానిబెల్ దీవి వైపు ఎంత ధ్వంసం చేసిందో చూశాం, శానిబెల్‌కి వెళ్ళే కాజ్‌వే (నీళ్ళ మీది రోడ్డు) తెగిపోయింది. ఇన్సూరెన్స్ పోను మిగిలింది ఓనర్ల మీద స్పెషల్ అసెస్‌మెంట్‌గా (ఫీజు పైన అదనపు వసూలుగా) పడుతుంది, వెళ్ళడానికి రిసార్ట్ లేకపోయినా సరే. 2021లో సర్ఫ్‌సైడ్‌లో కాండో బిల్డింగ్ కూలాక ఫ్లోరిడా మూడంతస్తులు, ఆపైన ఉన్న కాండోలకి తనిఖీలు, రిజర్వ్ ఫండ్ (రిపేర్ల కోసం దాచే డబ్బు) విషయంలో చట్టం గట్టిగా బిగించింది, మంచిదే కానీ ఆ డబ్బులు కట్టేది ఓనర్లే. అద్దెకున్న వాడికి ఇవేం పట్టవు, వచ్చే ఏడాది ఇంకో ఊరు చూసుకుంటాడు.

బయటపడటం ఇంకా కష్టం. చాలా డీడ్‌లకి (యాజమాన్య పత్రాలకి) గడువుండదు. హెచ్1బీ మీద ఉండి రేపు ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తే ఇల్లు అమ్ముకోవచ్చు, కారు వారంలో అమ్ముకోవచ్చు, జనవరి వారం టైమ్‌షేర్ ఎవరికి అమ్ముతారు? కట్టడం మానేస్తే కలెక్షన్స్, ఫోర్‌క్లోజర్, క్రెడిట్ స్కోర్. బకాయిల్లేకపోతే కొన్ని రిసార్టులు వెనక్కి తీసుకుంటాయి, కానీ అది వాళ్ళ ఇష్టం. "మీ టైమ్‌షేర్ వదిలిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్లు చేసే వాళ్ళ జోలికి మాత్రం పోకండి. ఈ ఒక్క విషయంలో నాకు ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళ వీరో బీచ్ టైమ్‌షేర్ రిసార్ట్ నచ్చుతుంది, ఫీజు వాళ్ళ రిసార్టులన్నిటిలోకీ ఎక్కువే అయినా కాంట్రాక్ట్ 2042 జనవరితో ముగుస్తుంది, పిల్లల మెడకి చుట్టుకోదు.

బ్రాండ్ పేరు చూసి రీసేల్ కొనేవాళ్ళకి ఒక మాట, డెవలపర్ దగ్గర కొన్నవాళ్ళకి ఉన్న సదుపాయాలన్నీ మీకు రావు. మారియట్‌లో 2010 జూన్ తర్వాత రీసేల్‌లో కొన్న వారాల్ని మామూలుగా వాళ్ళ పాయింట్ల ప్రోగ్రామ్‌లో (వారం బదులు పాయింట్లతో వేరే రిసార్టులు బుక్ చేసుకునే పద్ధతి) చేర్చుకోరు. విండమ్‌లో వీఐపీ హోదా రీసేల్ పాయింట్లకి రాదు. మన వారాన్ని వేరే రిసార్ట్ వారంతో ఎక్స్చేంజ్ చేసుకుని హవాయి వెళ్దాం అనే ప్లాన్‌తో అయితే అసలు కొనొద్దు, ఎక్స్చేంజ్ కంపెనీ మెంబర్‌షిప్ ఒక ఖర్చు, ప్రతి మార్పిడికీ ఇంకో ఫీజు.

హోటల్ అయితే మూడు రాత్రుల ట్రిప్‌కి ఓకే, అంతకుమించి చెప్పేదేం లేదు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి బీచ్ కాండో కొనడం వేరే వ్యాపారం, స్నేహం పాడవకుండా చేసిన వాళ్ళుంటే వాళ్ళనే అడగండి.

అద్దెకీ జాగ్రత్తలున్నాయి. రిజర్వేషన్ మీ పేరు మీద గెస్ట్‌గా మారిందో లేదో మీరే స్వయంగా రిసార్ట్‌కి ఫోన్ చేసి కనుక్కోండి, ఓనర్ ఇచ్చిన నంబర్‌కి కాదు. డబ్బులు జెల్‌లో (Zelle, నేరుగా బ్యాంకు నుంచి పంపేది) పంపమంటే ఆగండి, క్రెడిట్ కార్డు అయితే కనీసం డిస్ప్యూట్ వేసే దారి ఉంటుంది.

ఇంత విన్నాక కూడా మంచి జూలై వారం దొరికి కొందామనుకుంటే, రిసార్ట్ నుంచి ఎస్టాపెల్ లెటర్ తెప్పించుకోకుండా ఒక్క డాలర్ కూడా ఇవ్వకండి. పాత బకాయి ఎంత, ఈ ఏడాది వారం వాడేశారా, అసెస్‌మెంట్ ఏమైనా పెండింగ్ ఉందా, అన్నీ అందులో తెలుస్తాయి. మర్టిల్ బీచ్ డీడ్‌లు హోరీ కౌంటీలో రిజిస్టర్ అవుతాయి, అమ్మేవాడి పేరు కొట్టి ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు, సౌత్ కరొలైనాలో క్లోజింగ్‌కి లాయర్ ఉండాల్సిందే కాబట్టి ఆ ఖర్చు లెక్కలో పెట్టుకోండి. చాలా రిసార్టుల్లో వచ్చే ఏడాది ఫీజు బిల్లు ఏడాది చివర్లో వస్తుంది, అది కట్టలేక వదిలించుకుందామని చూసే ఓనర్లు నవంబర్, డిసెంబర్‌లలోనే ఎక్కువ, అప్పుడు అడగండి, "మొదటి ఏడాది ఫీజు, క్లోజింగ్ మీరు పెట్టుకుంటే తీసుకుంటా" అంటే ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు.