ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను 4,800 రూపాయలకు అంటగట్టారు: టెలిస్కోపు కొనేవారు జాగ్రత్త

హైదరాబాదులో టెలిస్కోపులు కొన్నవారిలో చాలామందికి తెలిసిన దుకాణమే కనుక పేరు రాయడం లేదు. ఫిబ్రవరిలో అక్కడ టెలిస్కోపు కొన్నప్పుడు, ఏ రాత్రి ఏ వేళకు ఏది కనిపిస్తుందో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను తామే మన ఊరి కోసం ప్రత్యేకంగా తయారుచేయించామని చెప్పి, దానికి వేరుగా 4,800 రూపాయలు తీసుకున్నారు. నమ్మి ఇచ్చాను.

మొన్నటి అమావాస్య రాత్రి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్లాను. చూడవలసినవాటి పట్టికను తను వారం ముందు నుంచే నోటుబుక్కులో రాసుకుంది. అందులో ఒమేగా సెంటారీ అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం పేరును మాత్రం, అది ఉదయించదని సాఫ్ట్‌వేర్ చూపినందువల్ల, స్కేలు పెట్టి కొట్టేసింది. అర్ధరాత్రి వేళ పక్కన టెలిస్కోపు పెట్టుకున్న పెద్దాయన "రామ్మా, చూద్దువుగాని" అని పిలిచి, దక్షిణాన 25 డిగ్రీల ఎత్తున ఉన్న ఆ గుచ్ఛాన్నే చూపించారు.

వెంటనే నా ల్యాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ధ్రువ నక్షత్రం దాదాపు 49 డిగ్రీల ఎత్తున ఉంది. మన అక్షాంశం 17.4 డిగ్రీలు కాబట్టి అది ఇక్కడ ఇంచుమించు అంతే ఎత్తున ఉండాలి. సెట్టింగుల్లో ఊరు పారిస్ అని ఉంది. ఒమేగా సెంటారీ అక్కడ ఎన్నడూ ఉదయించదు. పెద్దాయన తన ల్యాప్‌టాప్‌లో స్టెల్లేరియం తెరిచి పక్కన పెట్టారు. రెండు తెరల మీదా అదే పచ్చిక బయలు, అవే చెట్లు, అవే బొమ్మల వరుసలు. మాకు అమ్మింది కంప్యూటర్‌కు ఉచితంగా దొరికే స్టెల్లేరియమే, పైన పేరు ఒక్కటే మార్చారు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు ప్రకారం దానిని డబ్బుకు అమ్మడం తప్పు కాదు. ఆ లైసెన్సు ఊసే లేకుండా తామే తయారుచేయించామని చెప్పి అమ్మడం మాత్రం పచ్చి మోసం.

సోమవారం ఇద్దరమూ దుకాణానికి వెళ్లాము. పిల్ల నోటుబుక్కు తెరిచి, కొట్టేసిన ఆ పేరును చూపించి చెబుతుంటే, యజమాని ఫోను మీది నుంచి తల ఎత్తకుండానే "ఏం సార్, నాలుగు వేలకే ఇంత లొల్లి చేస్తున్నరు? ఫ్రీగ దొరుకుతదని తెల్వకపోతే మా తప్పా? జరగండి, వెనక కస్టమర్లున్నరు" అన్నాడు. పిల్ల నోటుబుక్కు మూసేసింది. డబ్బు పోయిన బాధ కంటే, ఆ మాట తన ఎదుట పడవలసి వచ్చిందన్న బాధ నన్ను ఇంకా వదలలేదు. డబ్బు కట్టేముందు ధ్రువ నక్షత్రం ఎత్తు ఒక్కటి సరిచూసుకున్నా అక్కడే బయటపడేది. అది నా అశ్రద్ధే.

స్టెల్లేరియం, అలాంటిదే అయిన కేస్టార్స్ రెండూ ఉచితమే, వాటిని వాటి సొంత వెబ్‌సైట్ల నుంచే దించుకోండి. ఎవరైనా డబ్బు అడిగితే, బిల్లులో సాఫ్ట్‌వేర్ అసలు పేరు రాయించుకోండి. నా బిల్లులో "ఆస్ట్రో సాఫ్ట్‌వేర్, 1" అని మాత్రమే ఉంది. దానితోనే ఈ ఉదయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.