డైనోనా, ఎత్తు రోడ్డా? ట్రక్కు ఇంజిన్ మార్పుల్ని దేంతో తేల్చాలి

సైలెన్సర్ మార్చాకో, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించాకో "బండి ఎగిరిపోతోంది" అనిపించడం మామూలే. శబ్దం పెరిగింది, యాక్సిలరేటర్ తొక్కగానే ఉరుకుతోంది. ఆ రెండూ పవర్ కాదు. తేల్చుకోవాలంటే డైనో (ఇంజిన్ బలం కొలిచే మెషీన్) ఎక్కించాలి, లేదా లోడుతో ఎత్తు ఎక్కించాలి.

డైనోలో చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి. ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర ఎంత టార్క్ (తిప్పే బలం) వస్తోందో గ్రాఫ్‌లో కనిపిస్తుంది. అందరూ పైనున్న హార్స్‌పవర్ అంకె చూసి మురిసిపోతారు గానీ, పెద్ద డీజిల్ ట్రక్కు ఎక్కువసేపు నడిచేది 1,200–1,600 ఆర్‌పీఎం మధ్యే. గ్రాఫ్‌లో టార్క్ గీత అక్కడ లేవకపోతే పెట్టిన డబ్బు దండగ. మార్పుకు ముందూ తర్వాతా ఒకే మెషీన్ మీద చూడాలి. మెషీన్ మారితే అంకె మారుతుంది.

రోడ్డు మీదైతే అదే ఎత్తు, అదే లోడు, అదే గేరు. 40 నుంచి 60 కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకన్లో చూడాలి. గాలి, ఎండ తేడా వల్ల చిన్న మెరుగుదల ఇందులో తేలదు. కానీ డైనో పరుగు కాసేపట్లో అయిపోతుంది, వేడి సంగతి రోడ్డు మీదే తెలుస్తుంది. పొడవాటి ఎత్తు మీద ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు ముల్లు ఆగకుండా పైకి పాకుతుంటే, ఆ ట్యూనింగ్ పిస్టన్లకీ టర్బోకీ ముప్పే. దట్టంగా నల్లపొగ వస్తోందంటే డీజిల్ పూర్తిగా కాలట్లేదన్నమాట. దాన్ని పవర్ అనుకునేవాళ్లకో దండం!

సరుకు లాగే బండికి నా ఓటు రోడ్డుకే. టైర్ల సైజు కూడా మార్చి ఉంటే మాత్రం స్పీడోమీటర్‌ని కాకుండా జీపీఎస్ వేగాన్నే లెక్కలోకి తీసుకోండి.