బూడిదరంగు వ్యూఫైండర్: విజయనగరం ఎండలో ఎంతవరకు పనికొస్తుంది?

ఆరుబయట కూర్చుని ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే అరచేతి వ్యూఫైండర్ ఇది, అంటే ఎదుటి దృశ్యంలో ఏ ముక్కను బొమ్మగా వేయాలో ఎంచుకునే చట్రం. బూడిదరంగు ప్లాస్టిక్ పలక, మధ్యలో కిటికీ, ఆ కిటికీని చిన్నదీ పెద్దదీ చేసే జారుడు రేకు, పక్కన ఓ చిన్న బెజ్జం. అంతే. చూడగానే ‘దీనికి కూడా డబ్బులా?’ అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు.

డబ్బు పెట్టదగ్గది ఆ బూడిదరంగుకే. అది తెలుపుకీ నలుపుకీ నడిమి ఛాయ. కళ్లు సగం మూసి కిటికీలోంచి చూస్తే, ఏది ఆ ఛాయ కంటే లేత, ఏది ముదురు అన్నది చప్పున విడిపోతుంది. రామతీర్థం కొండల్ని దూరం నుంచి వేసేటప్పుడు చాలామంది ముదురు నీలం దట్టించేస్తారు. బెజ్జంలోంచి ఆ కొండ ముక్కనొక్కదాన్నే చూడండి. ఎండ ముదిరి మసక కమ్మిన వేళ అది ఆకాశం కంటే పిసరంత ముదురు, అంతే. నీలం కూడా అనుకున్నంత ఉండదు. దూరపు కొండను ముదురుగా వేస్తే అది ముందుకొచ్చి పొలం మీద కూర్చుంటుంది, బొమ్మలో లోతు పోతుంది.

మామూలుగా ఆకాశం అన్నిటికన్నా లేత, ఆ తర్వాత చదును నేల, ఆపై కొండవాలు, నిలువు చెట్లు అన్నిటికన్నా ముదురు. పైనుంచి దిగే వెలుతురు చదును మీద ఎక్కువ పడుతుంది, నిలువు మీద తక్కువ పడుతుంది కాబట్టి. ఉభాల రోజుల్లో, అంటే వరినాట్లప్పుడు, ఈ లెక్క తిరగబడుతుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆకాశమే కనిపిస్తుంది, గట్లు నల్లగీతల్లా తేలతాయి, చూపును నడిపించే పని వాటిదే అవుతుంది. ఆ గట్టు తిన్నగా కాగితం మూలలోకి పోతే చూపు కూడా దానివెంటే బయటికి జారిపోతుంది. కిటికీని పక్కకు జరిపి, గట్టు మూలకు ఎడంగా అంచును తాకేలా చూసుకోవాలి.

మన తాటిచెట్ల దగ్గర ఈ పరికరం బాగా అక్కరకొస్తుంది. గట్టు మీద వరసగా, ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో నిలబడ్డ తాళ్లను ఉన్నవున్నట్టు వేస్తే కంచె వేసినట్టుంటుంది. రెండడుగులు పక్కకు వేస్తే రెండు మొదళ్లు ఒకదాని వెనక ఒకటి చేరతాయి, మూడోది విడిగా నిలుస్తుంది, ఖాళీలు సమానంగా ఉండవు. దగ్గరి చెట్టు కదిలినంత దూరపు చెట్టు కదలదు కాబట్టి ఇది సాధ్యం. తాటి తల సరిగ్గా కొండ గీతను తాకి ఆగితే ఏది ముందో ఏది వెనకో తెలియదు. అప్పుడు నేలమీద కూర్చుంటే సరి: కంటి ఎత్తు తగ్గుతుంది, తల కొండ గీతను దాటి ఆకాశంలోకి వెళ్తుంది. ఇవన్నీ కిటికీలో క్షణంలో తేలిపోతాయి. కాగితం మీద గీశాక తెలిస్తే రబ్బరు అరగడమే.

ఇక లోపాలు. కిటికీ అంచున ఉన్న గుర్తులు కాన్వాసు సైజులవి: 8×10, 9×12, 5×7 అంగుళాలు. మన దగ్గర ఎక్కువమంది వాడేది ఏ4 కాగితం. 9×12 గుర్తు దగ్గర దృశ్యాన్ని ఎంచుకుని ఏ4 మీద వేస్తే పొడవులో 1.7 సెంటీమీటర్లు మిగిలిపోతుంది. అక్కడ ఏదో ఒకటి ఇరికిస్తారు, తూకం చెడుతుంది. ఏ4, ఏ3 రెండింటికీ 5×7 గుర్తు వాడండి, దాదాపు సరిపోతుంది. లేదా 9×12 గుర్తే ఉంచుకుని ఏ4 పొడవును మాస్కింగ్ టేపుతో 28 సెంటీమీటర్లకు కుదించుకోండి. 11×15 అంగుళాల వాటర్‌కలర్ షీటుకైతే 9×12 గుర్తు చాలు, తేడా మూడోవంతు అంగుళమే.

ప్లాస్టిక్ నునుపు ఇంకో తలనొప్పి. కళింగపట్నం తీరంలో ఎండ దానిమీద పడి మెరిస్తే బూడిదరంగు కాస్తా తెల్లబడుతుంది, ఛాయల పోలిక దెబ్బతింటుంది. సన్నరకం గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే మెరుపు చస్తుంది. ఇసుక జారుడు సందులోకి పోతే రేకు గీసుకుపోతుంది కాబట్టి సంచిలో విడిగా పడేయకండి.

కిటికీని గళ్లుగా విడగొట్టి ఏది ఎక్కడుందో చూపే దారాలు లేకపోవడం మాత్రం క్షమించలేం. డచ్ చిత్రకారుడు వాన్ గోఖ్ 1882లోనే దారాలు కట్టిన చట్రం చేయించుకుని ఆరుబయటికి మోసుకెళ్లాడు. ఈ పలకకు నాలుగు గాట్లు పెడితే తయారీదారు సొమ్మేం పోయేది?

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. మౌంట్ బోర్డు అనే దళసరి అట్టలో 12×9 సెంటీమీటర్ల కిటికీ కోసి, పొడవు వైపు 4, 8 దగ్గర, వెడల్పు వైపు 3, 6 దగ్గర నల్లదారం అంటించాలి. పోస్టర్ కలర్ తెలుపులో కొద్దికొద్దిగా నలుపు కలిపి పూయాలి. ఆరాక ఛాయ మారుతుంది కాబట్టి ఆరిన తర్వాతే సరిచూసుకోవాలి. ఈ కిటికీని కంటికి 20 సెంటీమీటర్ల దూరంలో పడితే దాదాపు 33 డిగ్రీల వెడల్పు కనిపిస్తుంది, 60లో పడితే 11 డిగ్రీలే. ఒక కన్ను మూసి, ఎడమ అంచును ఒక చెట్టు మొదలుకో గోడ మూలకో ఆనించి గుర్తుపెట్టుకుంటే, చెయ్యి దించి మళ్లీ ఎత్తినా అదే దృశ్యం దొరుకుతుంది. కొన్న పలక నెగ్గేది జారుడు రేకు ఒక్కదాంట్లోనే.

ఫోన్ ఉండగా ఇదెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఫోన్ మామూలు కెమెరా వెడల్పుగా చూస్తుంది, దాంతో కొండలు గుట్టల్లా కుంచించుకుపోతాయి. రెండింతల జూమ్ పెడితే కొంత నయం. అయినా ఛాయలను ఫోన్ తనకు తోచినట్టు దిద్దేస్తుంది, నీడలను లేత చేస్తుంది. ఫోటోలు చూసి ఇంట్లో వేసేవాళ్లు మాత్రం ఇది కొనక్కర్లేదు. ఎల్ ఆకారపు అట్టముక్కలు రెండు ప్రింటు మీద అటూ ఇటూ జరుపుకుంటే చాలు. వారంవారం పెద్దచెరువు గట్టుకో శాలిహుండం కొండకో వెళ్లి కూర్చునేవాళ్లయితే కొనుక్కోవచ్చు, దారాలు మీరే కట్టుకోవాలి.