సరిహద్దు దాటే రైలు: ఉమ్మడి కంపెనీయా, ఒప్పందమా?

యూరప్‌లో హైస్పీడ్ రైలును సరిహద్దు దాటించడానికి రెండు దారులున్నాయి.

మొదటిది వేర్వేరు దేశాల రైల్వేలు కలిసి పెట్టే ఉమ్మడి కంపెనీ. 1996లో ప్యారిస్–బ్రస్సెల్స్ మార్గంలో థాలిస్ అనే హైస్పీడ్ రైలు సర్వీసు ఇలాగే మొదలైంది. అది లండన్‌కు నడిచే యూరోస్టార్ రైళ్ల కంపెనీతో కలిసిపోయి, 2023 నుంచి రెండూ యూరోస్టార్ పేరుతోనే నడుస్తున్నాయి. ఒకే యాజమాన్యం, ఒకే టికెట్ విధానం. అందులో మెజారిటీ వాటా ఫ్రెంచ్ రైల్వే ఎస్‌ఎన్‌సీఎఫ్‌దే.

రెండోది రైల్వేల మధ్య ఒప్పందం. 2007 నుంచి జర్మనీ రైల్వే డాయిచ్ బాన్, ఎస్‌ఎన్‌సీఎఫ్ తమ తమ రైళ్లనే నడుపుతూ కలిసి పనిచేస్తున్నాయి. ఫ్రెంచ్ హైస్పీడ్ రైలు టీజీవీ జర్మనీలోకి వెళ్తుంది, జర్మన్ హైస్పీడ్ రైలు ఐసీఈ ప్యారిస్‌కు వస్తుంది. రైల్లో రెండు దేశాల సిబ్బందీ ఉంటారు. 2024 డిసెంబర్‌లో ప్యారిస్–బెర్లిన్ డైరెక్ట్ రైలు వచ్చింది, ప్రయాణం సుమారు 8 గంటలు.

ఒప్పందంతో చిక్కేమిటంటే, అది ఎప్పుడైనా తెగిపోవచ్చు. 2013లో ఫ్రాన్స్–స్పెయిన్ మధ్య మొదలైన ఎస్‌ఎన్‌సీఎఫ్, స్పెయిన్ రైల్వే రెన్ఫేల భాగస్వామ్యం 2022 చివర్లో ముగిసింది. తర్వాత ఎవరి రైళ్లు వాళ్లవే. ఒకరి రైలు దిగి మరొకరి రైలెక్కాల్సిన ప్రయాణికుడికి కనెక్షన్ టెన్షన్ తప్పదు.

అయినా నా ఓటు ఒప్పందానికే. ఉన్న రైళ్లతోనే కొత్త ఊళ్లను కలపవచ్చు. కాకపోతే, కనెక్షన్ తప్పితే బాధ్యత ఎవరిదో అందులో స్పష్టంగా రాసుకోవాలి.